ఆసుపత్రి గుమ్మం వద్ద ధర్మసంకటం

ఆపదలో ఉన్నవారి వద్దకు పరుగెత్తడమే కరుణ అని మనం చిన్ననాటి నుండి నేర్చుకుంటాం. మహమ్మారి ప్రబలిన కాలంలో మాత్రం ఆసుపత్రి మరొక నియమం విధిస్తుంది. రోగి ఊపిరి అందక తల్లడిల్లుతున్నా, నర్సు గుమ్మం వద్ద ఆగాలి. చేతులు శుభ్రం చేసుకొని, గౌను, మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ధరించిన తరువాతే లోపల అడుగు పెట్టాలి. బంధువులకైతే ఆ ప్రవేశం కూడా ఉండదు. ఇది కరుణకు విరుద్ధమా?

2003లో సింగపూర్‌కు సార్స్ వ్యాధి వచ్చినప్పుడు ఈ ప్రశ్నకు అనుభవమే సమాధానం చెప్పింది. అక్కడ వ్యాధి సోకినవారు 238 మంది. వారిలో సుమారు ప్రతి ఐదుగురిలో ఇద్దరు ఆరోగ్య సిబ్బందే. మరణించిన 33 మందిలో వైద్యులు కూడా ఉన్నారు. వ్యాధి స్వభావం తెలియని తొలి రోజులలో అది రోగుల నుండి సిబ్బందికీ, చూడవచ్చిన ఆప్తులకూ పాకింది. పిమ్మట టాన్ టాక్ సెంగ్ ఆసుపత్రిని సార్స్ రోగులకే ప్రత్యేకించారు. సిబ్బంది ఎన్-95 మాస్కులు ధరించారు, ప్రతిదినం తమ శరీర ఉష్ణోగ్రతను పరీక్షించుకున్నారు. సందర్శకుల రాకను కట్టడి చేశారు. కొన్ని నెలలలోనే వ్యాధి అదుపులోకి వచ్చింది.

కాబట్టి నర్సు తనను తాను కాపాడుకోవడం స్వార్థం కాదు. ఆమె మంచాన పడితే పదిమంది రోగులు దిక్కులేనివారవుతారు. ఆమెకు సోకిన వ్యాధి ఆమె చేతుల మీదుగానే తరువాతి రోగికి చేరవచ్చు. గుమ్మం వద్ద గడిచే ఆ కొద్ది నిమిషాలు కనబడని రోగుల పట్ల చూపే కరుణ.

అయితే నియమం సరైనదైనంత మాత్రాన దాని వల్ల కలిగే దుఃఖం అబద్ధం కాదు. చివరి ఘడియలో నోట తులసి తీర్థం పోయడం బిడ్డల కర్తవ్యమని మన పెద్దలు భావిస్తారు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఎందరో బిడ్డలకు ఫోను తెర మీదనే కడసారి చూపు దక్కింది. ఇతరుల క్షేమం కోసం ఆ రోగి తన వారి స్పర్శను వదులుకున్నాడు. ఆ త్యాగం అతడు కోరి చేసినది కాదు. మనమే అతని చేత చేయించాము.

త్యాగం చేయించినవారికి ఋణం ఉంటుంది. సిబ్బందిని ప్రమాదంలోకి పంపే ఆసుపత్రి వారికి సరిపడే మాస్కులు, విశ్రాంతి, జబ్బు చేస్తే జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. బంధువులను ఆపినప్పుడు రోగి పరిస్థితిని ప్రతిదినం వారికి తెలియజేయాలి, అతని గొంతు వినిపించాలి. తగినన్ని రక్షణ వస్త్రాలు ఉన్నప్పుడు, అంత్యఘడియలో ఒక్కరినైనా లోపలికి అనుమతించాలి. ఆ వస్త్రాలు నర్సును కాపాడగలిగితే, నేర్పుగా తొడిగిస్తే కుమార్తెనూ కాపాడగలవు. అవి ఉండి కూడా తలుపు మూసి ఉంచడం రక్షణ కాదు, కేవలం సౌలభ్యం.

తలుపు మూయడం ఒక్కొక్కప్పుడు ధర్మమే. దాని వెనుక ఉన్నవారిని మరచిపోవడం మాత్రం ఎన్నటికీ ధర్మం కాదు.