పాట ఎవరిది? పేరు ఎవరిది?

పాటను ప్రేమించడమంటే ఏమిటి? చెవికింపుగా ఉంటే విని తలూపడమేనా? ఆ పాట పుట్టిన గొంతుకు మనమేమైనా బాకీ పడతామా? తొలినాటి రాక్ అండ్ రోల్‌ను జీవితమంతా వింటూ వస్తున్న మాకు ఇది తప్పించుకోలేని ప్రశ్న. ఎందుకంటే ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు చెరిగింది అన్నదే ఆ సంగీతం చరిత్ర.

ముందు దాని పేరే చూడండి. అమెరికాలో నల్లవాళ్ల రికార్డులను 'రేస్ రికార్డులు' అనేవాళ్లు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ మాట తీసేసి 'రిథమ్ అండ్ బ్లూస్' అంది. తెల్లపిల్లలు కూడా అదే సంగీతానికి చిందులేయడం మొదలుపెట్టాక, అలన్ ఫ్రీడ్ అనే రేడియో వ్యాఖ్యాత నోట 'రాక్ అండ్ రోల్' అన్న పేరు ఊరూరా పాకింది. ఆ మాట కూడా నల్లవాళ్ల పాటల్లో అంతకు ముందునించీ ఉన్నదే. గొంతు అదే, తాళం అదే. కొనేవాడి రంగు మారితే సరుకు పేరు మారింది.

ఇక మనుషుల సంగతి. 'హౌండ్ డాగ్' అనగానే లోకానికి ఎల్విస్ ప్రెస్లీ గుర్తొస్తాడు. అతను పాడింది 1956లో. బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్ల గాయని దాన్ని 1952లోనే రికార్డు చేసింది. మరుసటేడు అది రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో 7 వారాలు మొదటి స్థానంలో ఉంది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో తొలి విడతలోనే ఎల్విస్‌ను చేర్చుకుంది. థార్న్‌టన్ వంతు 2024లో వచ్చింది. అప్పటికి ఆమె చనిపోయి 40 ఏళ్లు. ఎలక్ట్రిక్ గిటార్ భుజాన వేసుకుని భక్తి పాటలకు ఆ ఊపు తెచ్చిన సిస్టర్ రోసెటా థార్ప్ 1973లో పోతే, 2018 దాకా ఆ గడప ఆమెకు తెరుచుకోలేదు.

ఎల్విస్ మొదటి రికార్డు 'దట్స్ ఆల్ రైట్', 1954. ఆ పాట 1946లోనే రికార్డు చేసినవాడు ఆర్థర్ క్రూడప్. పాటతోపాటు కూలి పని చేసుకు బతికాడు. రావలసిన రాయల్టీల కోసం చివరిదాకా పోరాడి, 1974లో పోయాడు. చక్ బెర్రీ 1955లో 'మేబెలిన్' పాడితే రచయితలుగా మరిద్దరి పేర్లు ఎక్కాయి. ఒకటి ఆ ఫ్రీడ్ పేరే! పాట పూర్తిగా బెర్రీది కావడానికి 1986 దాకా పట్టింది.

సంగీతానికి కంచె కడతారా, తెల్లవాడు నల్లపాట పాడకూడదా అని అడుగుతారు. మేం అలా అనడం లేదు. 'మేబెలిన్'కు మూలం 'ఐడా రెడ్' అనే తెల్లవాళ్ల పల్లెపాట. 'హౌండ్ డాగ్' రాసింది లీబర్, స్టోలర్ అనే ఇద్దరు యూదు కుర్రాళ్లు. ఇచ్చిపుచ్చుకోకుండా ఈ సంగీతమే లేదు. అన్యాయం మరో చోట ఉంది. ఫాట్స్ డామినో 'ఎయింట్ దట్ ఎ షేమ్'ను అదే 1955లో పాట్ బూన్ పాడితే, పాప్ పట్టికలో మొదటి స్థానం బూన్‌కు దక్కింది. పాటకు తలుపు తెరిచి, పాడినవాణ్ని గుమ్మం బయట నిలబెట్టడం! దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అని ఎలా అంటాం?

మరి ఎల్విస్‌ను వినడం మానేస్తారా? మానం. క్రూడప్‌ను విన్నానని, అతనిలా పాడాలనుకున్నానని 1956లో పత్రికలవాళ్లకు ఎల్విసే చెప్పాడు. ఆ మాట వినిపించుకోనిది వ్యాపారం. ఒక్క మనిషిని బోనెక్కించి వ్యాపారాన్ని వదిలేస్తే మళ్లీ మోసపోయేది క్రూడప్‌లే.

పాట వింటే చాలదా, ఈ లెక్కలెందుకు అంటారు కొందరు. లెక్కలు అక్కర్లేనిది ఎవరికి? పేరూ డబ్బూ ముందే చేరినవాళ్లకు. పాటను ఇష్టపడుతూ పాడినవాళ్లెవరో పట్టించుకోకపోతే ఆ ఇష్టం వాడకంగా మిగులుతుంది. డబ్బు బాకీ మేం తీర్చలేం. పేరు బాకీ తీర్చగలం. ఎల్విస్‌ను వినే ముందు క్రూడప్‌ను వింటాం. 'హౌండ్ డాగ్' ఎవరిదని పిల్లలు అడిగితే ముందు థార్న్‌టన్ పేరు చెబుతాం. ఆ తర్వాతే చిందులేస్తాం.