మందు ఇచ్చుట తప్పా?

హెరాయిన్‌కు బానిసయైన వానికి మందిచ్చుట ఒక మత్తుకు బదులు వేరొక మత్తు నిచ్చుటయే గదా అని కొందరందురు. 2003లో స్వీడను వైద్యులు ప్రకటించిన పరీక్షను ఆలోచించుడి. 40 మందికిని హితబోధ సమానముగా లభించెను. 20 మందికి ఏడాదిపాటు బుప్రెనార్ఫిన్ అను మందిచ్చిరి. తక్కిన 20 మందికి దానిని 6 దినములలో తగ్గించి మాన్పి, పిమ్మట మందులేని మాత్ర నిచ్చిరి. ఏడాది నిండునప్పటికి మొదటివారిలో 15 మంది చికిత్సలో నిలిచిరి; రెండవవారిలో ఒక్కడును నిలువలేదు, నలుగురు మరణించిరి.

ఆ నలుగురికి బోధ కొదువయైనదా? కాలేదు. బోధ వినుటకైనను మనుష్యుడు బ్రదికియుండవలెను గదా! అంత వెలకు తెలిసిన సంగతిని ఎరిగియు మందు నిరాకరించుట నీతి కాదని మేము తలంచుచున్నాము. మంచి సమరయుడు గాయపడినవానిని ప్రశ్నింపలేదు; నూనె పోసి గాయములు కట్టెను.