తీర్పును చూచి ఏడ్చినవారు



"వాడు చేసిన పనికి వాడు నరకమునకే పోవును" అను మాట మన ఊళ్లలో తరచుగా వినుచుందుము. పొలము గట్టు జరిపినవానిని గూర్చియు, అప్పు ఎగవేసినవానిని గూర్చియు, ఒక్కొక్కప్పుడు ఇంటిలోని తోడికోడలిని గూర్చియు ఈ మాట పలుకుదురు. ప్రార్థన కూటము ముగిసి చాపలు చుట్టకముందే పలుకువారును కలరు. ఆ మాట నిజమగునో కాదో దేవునికే తెలియును. తీర్పు తీర్చుట ఆయన పని. అయితే ఆ మాట పలుకునప్పుడు మన హృదయములో ఏమున్నది? దుఃఖమా, సంతోషమా? నరకమున్నదని నమ్ము విశ్వాసి మరియొకని శిక్షను తలంచుకొని సంతోషింపవచ్చునా? ఈ ప్రశ్నను మీ యెదుట ఉంచగోరుచున్నాను.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. అపొస్తలుల కాలము గడచిన తరువాత వారి పేర్లు పెట్టి కొందరు గ్రంథములు వ్రాసిరి. వాటిలో రెండు నరకమును మిక్కిలి వివరముగా వర్ణించుచున్నవి. మొదటిది పేతురు ప్రకటన. ఇది 2వ శతాబ్దములో గ్రీకు భాషలో వ్రాయబడినది. రెండవది పౌలు ప్రకటన. ఇది 4వ శతాబ్దాంతమున వ్యాపించినది. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయములో పౌలు తాను పరదైసులో వినిన మాటలు మనుష్యుడు పలుకకూడనివని చెప్పి ఊరకుండెను. ఆయన చెప్పని దానిని ఈ రచయిత తానే కల్పించి చెప్పెను.

ఇవి దేవుని వాక్యము కావు. సంఘము వీటిని పరీక్షించి విడిచిపెట్టినది. పేతురు ప్రకటనను కొందరు ఆదరించినను, సంఘములో చదువుటకు మరికొందరు ఒప్పుకొనలేదని మురటోరి పట్టిక అను ప్రాచీనమైన జాబితా తెలుపుచున్నది. 4వ శతాబ్దములో చరిత్రకారుడైన యూసీబియసు దానిని అంగీకృత గ్రంథములలో చేర్చలేదు. పౌలు ప్రకటన తార్సులో పౌలు నివసించిన యింటి పునాది క్రింద దొరకినదని దాని పీఠిక చెప్పును. కాని సొజొమెను అను చరిత్రకారుడు తార్సు సంఘములోని ఒక వృద్ధుడైన పెద్దను అడుగగా, అట్టిది జరిగినట్లు తానెరుగనని అతడు చెప్పెను. అగస్టీను భక్తుడు కూడ ఆ గ్రంథమును త్రోసివేసెను.

అయినను ప్రజలు వీటిని మరువలేదు. పలస్తీనాలోని కొన్ని సంఘములలో పేతురు ప్రకటనను ఏటేట మంచి శుక్రవారమున చదువుచుండిరని ఆ సొజొమెనే వ్రాసెను. తరువాత ఆ గ్రంథము చాలకాలము కనబడకుండ పోయెను. 1886-87లో ఐగుప్తు దేశమందలి అఖ్మీములో ఒక సన్యాసి సమాధిని త్రవ్వినప్పుడు దానిలోని కొంత భాగము గ్రీకులో దొరకెను. ఇంతకంటె సంపూర్ణమైన ప్రతి 20వ శతాబ్దారంభమున ఐతియొపీయ భాషలో వెలుగుచూచెను.

ఆ గ్రంథములలో ఎవరెవరు శిక్ష పొందుచున్నారో కొంచెము చూడుడి. పేతురు ప్రకటనలో విధవరాండ్రను, అనాథలను కనికరింపక తమ ధనమును నమ్ముకొనినవారు చినిగిన గుడ్డలతో, కాలుచున్న వాడి రాళ్లమీద దొర్లుచున్నారు. వడ్డీమీద వడ్డీ పిండినవారు మోకాళ్ల లోతు రక్తములోను చీములోను నిలిచియున్నారు. పౌలు ప్రకటన ఇంకను దగ్గరకు వచ్చును. అక్కడ అగ్ని నదిలో పెదవుల వరకు మునిగినవారెవరు? సంఘముగా కూడినప్పుడు ఒకరినొకరు దూషించినవారు. న్యాయమైన తీర్పు తీర్చక, విధవరాండ్రను కనికరింపని బిషప్పు అక్కడ ఉన్నాడు. దేవుని ఆజ్ఞలను జనులకు చదివి వినిపించి, తాను వాటిని గైకొనని వానికి పెదవులును నాలుకయు కోయబడుచున్నవి. చదువరీ, గమనించితివా? ఈ రచయితలు నరకమును అన్యులతో మాత్రమే నింపలేదు. గుడిలో ముందు వరుసలో కూర్చుండువారికిని అక్కడ చోటు చూపించిరి.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి ఉన్నది. ఐతియొపీయ ప్రతిలో అంత్యదినమున పాపుల దుఃఖమును ప్రభువు శిష్యులకు చూపించును. చూచినవారందరు ఏడ్చిరి. నీతిమంతులు ఏడ్చిరి. దేవదూతలు ఏడ్చిరి. ప్రభువు తానును ఏడ్చెను. వీరు పుట్టకయుండిన మేలని పేతురు మొరపెట్టగా, దేవుడు తన స్వరూపమందు చేసినవారిమీద ఆయనకున్న కనికరముకంటె నీకెక్కువ కనికరము లేదను భావముతో ప్రభువు అతని మందలించును. పౌలు ప్రకటనలోను పౌలు ఏడ్చును. ప్రధానదూతయైన మీకాయేలు, ఇతర దూతలు అతనితో కలిసి మొరపెట్టుదురు. అప్పుడు క్రీస్తు దిగివచ్చి శిక్షలోనున్నవారికి ఆదివారమున విశ్రాంతి ననుగ్రహించునట లతీను ప్రతులలో ఉన్నది. దీనిమీద మనము సిద్ధాంతము కట్టము. లేఖనము చెప్పనిది మనమును చెప్పము. కాని ఇంత భయంకరమైన చిత్రములు వ్రాసినవారికి సహితము, పరిశుద్ధులు దానిని చూచి నవ్వుదురని వ్రాయుటకు చేయి రాలేదు.

నవ్వుదునని వ్రాసినవాడు వేరొకడు కలడు. సుమారు 200వ సంవత్సరమున కార్తేజి పట్టణపు తెర్తుల్లియను, రథపు పందెములకును క్రూరమైన ఆటలకును పోవద్దని విశ్వాసులకు ఒక గ్రంథము వ్రాసెను. దాని చివర, తీర్పు దినమున రాజులును హింసకులును అగ్నిలో కాలుచుండగా చూచుట ఆ ఆటలకంటె గొప్ప వేడుకయని, అప్పుడు తాను ఆనందించెదనని చెప్పెను. అతనిని తొందరపడి నిందింపరాదు. ఆ పట్టణమందే 203లో పెర్పెతువ అను యౌవనస్థురాలు, చంటిబిడ్డ తల్లి, క్రీస్తు నిమిత్తము మృగముల యెదుటికి త్రోయబడెను. అట్టి కాలములో మనుష్యుని కోపము ఎంతగా మండునో మనము ఊహింపగలము.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: "అన్యాయము పొందినవాడు న్యాయము కోరకూడదా? బీదవాని కూలి దిగమ్రింగినవానికి తీర్పు లేకపోయినచో దేవుడు నీతిమంతుడెట్లగును?" ఇది సరియైన ప్రశ్న. తీర్పు అక్కరలేదనువాడు తరచుగా అన్యాయము పొందనివాడే. ప్రకటన గ్రంథము 6వ అధ్యాయములో బలిపీఠము క్రిందనున్న హతసాక్షుల ఆత్మలు ఎంతకాలమని మొరపెట్టుచున్నవి. పేతురు ప్రకటనలోను చంపబడినవారు తమ్మును చంపినవారి శిక్షను చూచి, దేవా నీ తీర్పు న్యాయమైనదని ఒప్పుకొందురు. అయితే న్యాయము జరుగవలెనని కోరుట వేరు, నొప్పిని చూచి తృప్తిపడుట వేరు. మొదటిది దేవునివైపు చూచును. రెండవది పగవానివైపే చూచుచుండును. మొదటివాడు పగవాడు మారుమనస్సు పొందినయెడల సంతోషించును. రెండవవాడు విచారించును. నీ కోరిక ఏ జాతిదో తెలిసికొనుటకు ఇదియే పరీక్ష.

ఈ పరీక్షలో యోనా ఓడిపోయెను. నీనెవె నాశనమును చూడవలెనని పట్టణము వెలుపల పందిరి వేసికొని కూర్చుండెను. ఊరు మారుమనస్సు పొందగా దేవుడు సంతాపపడెను, ప్రవక్త కోపపడెను. సమరయుల గ్రామముమీదికి అగ్ని రప్పింతుమా అని యాకోబు యోహానులు అడుగగా ప్రభువు వారివైపు తిరిగి గద్దించెను. అయితే మోషే ఏమి చేసెను? పాపము చేసిన జనులను క్షమింపనియెడల తన పేరును తుడిచివేయుమని వేడుకొనెను. మన ప్రభువు యెరూషలేము మీదికి రానున్న తీర్పును ముందుగా చూచి, ఆ పట్టణము విషయమై ఏడ్చెను. ఆ పట్టణమే కొన్ని దినములలో తన్ను సిలువ వేయునని ఆయన ఎరుగును. ఎరిగియు ఏడ్చెను.

కాబట్టి ప్రియులారా, నరకమును గూర్చి బోధింపకుందుమా? కాదు, ప్రభువే దానిని గూర్చి మాటలాడెను. కాని మత్తయి 25వ అధ్యాయములో ఆయన అగ్ని కొలతలను చెప్పలేదు. ఆకలిగొన్నవానిని, పరదేశిని, రోగిని, చెరసాలలోనున్నవానిని గూర్చియే అడిగెను. ఆ ప్రశ్నలకు ప్రతివాడును తన విషయమై జవాబు చెప్పవలెను, పొరుగువాని విషయమై కాదు. తన విషయమై వణకినవాడే పొరుగువాని విషయమై ఏడ్వగలడు.

వచ్చు ఆదివారమునకు ముందు, నీకు అన్యాయము చేసిన ఒకని పేరు దేవుని సన్నిధిని ఎత్తుము. అతడు చేసినది అన్యాయమని దాచక చెప్పుము. న్యాయము దొరకవలసియున్నచో పెద్దల యెదుట దానిని అడుగుము, అందులో పాపము లేదు. ఆ తరువాత, అతడు నశింపకుండునట్లు ప్రార్థించుము. మొదటి దినమున మాటలు నోటికి రాకపోవచ్చును. రెండవ దినమున మరల మోకరించుము. మన కొరకు ఏడ్చిన ప్రభువు ఆ ప్రార్థనను నీకు నేర్పును గాక. ఆమేన్.