చదివింది మనసులో నిలవాలంటే...



డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివి, శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోనో, విజయనగరం కళాశాలల్లోనో పి.జి.లో చేరిన మన పిల్లల బాధ ఒక్కటే. ఇంగ్లీషు పుస్తకం నాలుగుసార్లు చదివినా, మూయగానే ఏమీ గుర్తుండదు. కొందరు నిరాశతో చదువు మానేస్తారు. మరికొందరు పరీక్షకు చీటీలు పట్టుకెళ్తారు. రెండూ విశ్వాసికి తగినవి కావు.

హిరా గుహలో మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)కు అందిన తొలి ఆదేశమే చదవమని. మరి ఎలా చదవాలి?

సహాబాలు పది ఆయతులు నేర్చుకుంటే, వాటి భావం గ్రహించి ఆచరణలో పెట్టేదాకా ముందుకు సాగేవారు కారు. మీరూ అధ్యాయమంతా ఒక్క ఊపున చదవకండి. రెండు పేజీలు చదివి ఆగండి. రచయిత ఏమంటున్నాడు? దానికి ఆధారమేమిటి? మీ మాటల్లో, తెలుగులోనే అయినా సరే, చెప్పుకోండి.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) గురించి ఒక సంఘటన చెబుతారు. జుర్జాన్‌లో చదువుకొని తూస్‌కు తిరిగి వస్తుండగా దొంగలు ఆయన సంచీ లాక్కున్నారు. అందులోని రాతలైనా ఇచ్చేయమని ఆయన వేడుకున్నారు. కాగితాలు పోతే పోయే విద్య ఏం విద్య అని దొంగల నాయకుడు నవ్వి, వాటిని తిరిగిచ్చాడు. ఆ మాటను అల్లాహ్ చేసిన హెచ్చరికగా భావించి, ఇమామ్ గారు మూడేళ్లు శ్రమించి వాటన్నిటినీ కంఠస్థం చేశారు. ఈనాటి మన విద్య జిరాక్సు నోట్సుల్లో, సెల్‌ఫోన్లలో ఉంది. మరి మనసులో ఎంత ఉంది?

పుస్తకం మూసి, గుర్తున్నది కాగితంపై రాయండి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవారికంటే ఇలా గుర్తుచేసుకున్నవారికే వారం తర్వాత ఎక్కువ జ్ఞాపకం ఉంది.

ఖుర్ఆన్ సయితం మననం చేయకపోతే, కట్టు విప్పుకున్న ఒంటెలకంటే వేగంగా చేజారుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. అందుకే హిఫ్జ్ చేసే పిల్లవాడు కొత్త పాఠంతోపాటు పాత పాఠమూ ఉస్తాద్‌కు ఒప్పజెబుతాడు. మీరూ మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి మీ పాఠాన్ని మిత్రునికి ఒప్పజెప్పండి.

మోసగించేవాడు మనవాడు కాడన్నారు ప్రవక్త (స). చీటీతో వచ్చిన పట్టా ఉద్యోగం తేవచ్చు, బరకత్ తేదు. ఫజ్ర్ నమాజు తర్వాత కాసేపు చదవండి. జ్ఞానం పెంచమని కోరే దుఆను అల్లాహ్ తాహా సూరాలో స్వయంగా నేర్పాడు. ముందు ఆ దుఆ చేసి, తర్వాత పుస్తకం తెరవండి.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.