పేగుపూతయు పూర్వకర్మమును

పెద్దపేగు పూసి, నెత్తురుతోడి విరేచనములతో నెలల తరబడి కృశించుచున్న యువకుని చూడవచ్చిన చుట్టములు, మా నకిరేకల్ వైపున, మందుల సంగతి విచారించుటకు ముందే ‘ఏ జన్మల ఏం పాపం చేసిండో’ అని నిట్టూర్తురు. ఆ మాటలో దయ లేకపోలేదు గాని, రోగి దానిని తీర్పుగానే వినును. వ్యాధి స్వభావమును అట్టి తీర్పునకు అనుకూలించునదే: కొన్నాళ్లు అణగియుండి మరల రేగును, దేహమును కాపాడవలసిన శక్తియే పేగుగోడపై తిరుగబడునని వైద్యులు చెప్పుదురు గాని, ఇతనియందే ఏల తిరుగబడెనో చెప్పజాలరు. వారు ఆగినచోట కర్మసిద్ధాంతము వచ్చి కూర్చుండును.

పావానగరమున చుందుడను కమ్మరి పెట్టిన భిక్షను ఆరగించి బుద్ధుడు రక్తాతిసారమునకు లోనయ్యెననియు, కుశీనగరపు త్రోవలో చెట్టుక్రింద మేనువాల్చి నీరడిగెననియు, బండ్లు దాటి ఏరు బురదయైనదని ఆనందుడు వెనుదీయగా మరల మరల అడిగెననియు, పిమ్మట చుందుని మనసు నొవ్వకుండ చూడుమని చెప్పెననియు బౌద్ధవాఙ్మయము వర్ణించుచున్నది. మాకు అంత దూరముగాని ఫణిగిరి కొండమీద ఆయనను కొలిచినవారి స్తూపవిహారములు శిథిలములై నేటికిని నిలిచియున్నవి. అయినను అపదానమను పాలీగ్రంథము ఆయననైనను విడువలేదు: పూర్వజన్మమున వైద్యుడై యొక శ్రేష్ఠికుమారునకు విరేచనమిచ్చిన ఫలమే ఆ అతిసారమని లెక్క తేల్చినది! తథాగతునకే తప్పని నిట్టూర్పు మా పల్లె పిల్లవానికి తప్పునా? నాకు మాత్రము లెక్క తేల్చిన గ్రంథముకంటె, ఎట్టకేలకు పాత్ర గొని నీటికై వెళ్లిన ఆనందుడే ఎక్కువ తత్త్వజ్ఞుడుగా తోచును.

వ్యాధితో తపించుటయే పరమతపస్సని బృహదారణ్యకోపనిషత్తు భావించినది. ఉదాత్తమైన ఊహయే, కాని తపస్సని అనుకొను అధికారము తపించువానిదే గాని, మంచము ప్రక్కన కాఫీ త్రాగుచున్నవానిది కాదు.

హైదరాబాదు ఆస్పత్రికి 100 కిలోమీటర్లకు మించిన బస్సుప్రయాణము. ముందునాటి సాయంత్రమునుండియే అన్నము మానుకొని, తలుపు దగ్గరి సీటు వెదకుకొని, డ్రైవరును ఆపుమనుటకు సిగ్గుపడుచు కూర్చుండువాని కష్టమును కెనడా వైద్యులు 1989లో 32 ప్రశ్నలుగా కూర్చిరి. మరుగుదొడ్డి దొరకదేమోనను భయము ఎంత తరచుగా బాధించినదనునది అందులో ఒకటి. పండుగకు మేనల్లుని పిలుచుచు ‘మా ఇంట్ల దొడ్డి వాకిట్లనే ఉన్నది, నువ్వు రా బిడ్డా’ అన్న మేనమామ నొకని నేనెరుగుదును. కర్మమును గూర్చి ఆయన అభిప్రాయమేమో ఎన్నడును అడుగలేదు.