ఎవరు చూచెదరు?

నలుగురి కంటి ముందు చేయు పనికిని, ఎవరి కంటికిని కానరాని చోట చేయు పనికిని నీతి ఒక్కటియేనా, వేరువేరా? పెద్దలు గ్రంథములలో చర్చించిన ఈ ప్రశ్న మాకు గత శీతకాలమున, కోరాపుట్‌లోని మా పెరటిలో, ఒక జీపు క్రింద ఎదురైనది.

మా మేనల్లునికి ఒక పాత జీపు కలదు. సాలూరు నుండి సుంకి ఘాటీ మీదుగా వచ్చు దారియు, కొండ గ్రామములకు చీలు మట్టి బాటలును ఎరిగినవారికి ఆ బండి విలువ చెప్పనక్కరలేదు. సంతకు సరకులు మోయుటకును, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి చేర్చుటకును అదియే ఆధారము. కొంతకాలముగా ఎత్తు ఎక్కునపుడు ఇంజను హోరెత్తుచుండెనే గాని బండి వేగము పెరుగకుండెను. మాడిన వాసనయు వచ్చుచుండెను. క్లచ్చి అరిగినదని తేలినది.

క్లచ్చి యనగా ఇంజనునకును గేరుబాక్సునకును నడుమ నుండు పట్టు. ఇంజనుతో తిరుగు ఫ్లైవీలునకును, స్ప్రింగు బలముగల ప్రెజరు ప్లేటునకును మధ్య క్లచ్చి ప్లేటు నొక్కబడి యుండును. పెడలు త్రొక్కినచో పట్టు విడును. కాలు తీసినచో మరల కుదురును. రాపిడి చేతనే పని చేయునది గనుక అరుగుట దానికి సహజము. పెడలుపై ఊరక కాలు మోపి యుంచు అలవాటుచే మరింత త్వరగా అరుగును.

షెడ్డులో పని నేర్చినవాడగుటచే మేనల్లుడు ఇంటివద్దనే దానిని మార్చ బూనెను. దీపము పట్టుటయు, విప్పిన బోల్టులను వరుసగా పళ్ళెములలో ఉంచుటయు మా వంతు. బ్యాటరీ తీగ తీసి, చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, ఒక్క జాకీని నమ్మక బండిని బలమైన స్టాండులపై నిలిపితిమి. ముందు వెనుకల ప్రొపెల్లరు షాఫ్టులు రెండును ఊడదీసి, గేరుబాక్సును, నాలుగు చక్రములకు బలము పంచు పెట్టెను కలిపి దింపుటకు మరి ఇద్దరు కుర్రవాండ్రు కావలసివచ్చిరి. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గనుక దుమ్మును ఊదక తడిగుడ్డతో తుడిచితిమి. లైనింగు రివెట్ల తలల వరకు అరిగియుండెను.

అప్పుడు అసలు చిక్కు బయటపడినది. ఫ్లైవీలు వెనుక సన్నని నూనె చార! క్రాంకుషాఫ్టు చివరనుండు ఆయిల్ సీలు కారుచున్నది. ఆ నూనె క్రొత్త ప్లేటునకు సోకినచో క్లచ్చి మరల జారును. సీలు మార్చుటకు ఫ్లైవీలు విప్పవలెను. సీలు విశాఖపట్నము నుండి రావలెను. రెండు దినములు ఆలస్యము.

“కొంచెమే కదా మావయ్యా! తుడిచి బిగించేద్దాం. గేరుబాక్సు ఎక్కించాక ఎవరు చూస్తారు?” అని మేనల్లుడనెను.

ఆ మాట మాకు క్రొత్తది కాదు. మేము గుమాస్తాగా నున్న కాలమున ఒక సాయంకాలము, ఒక వృద్ధురాలి పింఛను కాగితమందలి తేదీని రిజిస్టరుతో సరిపోల్చకయే, సరిచూచినట్లు సంతకము చేసితిమి. కట్ట ముడివేసిన పిదప ఎవరు చూచెదరని మా ధైర్యము. తేదీ తప్పు. కాగితము తిరిగివచ్చెను, ఆమె పింఛను ఏడు నెలలు నిలిచిపోయెను. తప్పు మాదని ఎవరును కనిపెట్టలేదు. ఆమె మాత్రము నెల నెలా వచ్చి, “బాబూ, వచ్చిందా?” అని మమ్మునే అడుగుచుండెను. శిక్ష పడియున్నను ఇంతకంటె తేలికగా ఉండెడిదని నేటికిని అనుకొందుము.

ప్లేటో తన రిపబ్లిక్ గ్రంథమున ఒక ఉంగరపు కథ చెప్పించెను. దానిని త్రిప్పి అదృశ్యుడగు గొఱ్ఱెలకాపరి రాజును చంపి రాజ్యమేలును. అట్టి ఉంగరము చేత నుండగా న్యాయము తప్పనివాడుండునా యని అందలి ప్రశ్న. బండి క్రింద పరుండి బోల్టు బిగించువానికిని, కట్టకు ముడివేయు గుమాస్తాకును ఆ ఉంగరము దినదినము చేతనే యుండును.

అయితే చూచువాడు లేడనుట నిజము కాదు. అతడు ఆలస్యముగా వచ్చును. పరీక్షాధికారి చూడని పనిని, ఘాటీ మలుపున బండి జారునపుడు లోపల కూర్చున్నవాడు చూచును. అట్లని కనబడిన ప్రతి భాగమును మార్చుటయే నీతి యనము. ఫ్లైవీలు ముఖము గీతలు లేక నునుపుగా నుండుటచే లేతు పట్టింపలేదు. వలసినదేదో తెలిసియు దానిని కప్పివేయుటయే దోషము. ఇంటిలో పిల్లలచే తెలుగు అక్షరములు దిద్దించుటయు ఇట్టిదే. పరాయి రాష్ట్రమున స్థిరపడిన మనలను దానిని గూర్చి అడుగువారు లేరు.

మేము పింఛను కథ చెప్పితిమి. మేనల్లుడు కొంతసేపు మాటలాడలేదు. పిదప విశాఖపట్నమునకు ఫోను చేసెను. సీలు వచ్చెను. రిలీజు బేరింగును కూడ మార్చి, క్రొత్త ప్లేటును సరిగా నడిమికి నిలిపి, ప్రెజరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించితిమి. నాలుగవ దినమున జీపు ఘాటీ నెక్కినది.

సీలు మార్చిన సంగతి నేడు ఆ బండి నెక్కువారికి తెలియదు. తెలియనక్కరయు లేదు.