మనవాడే, కానీ ఎవరి వైపు?

అమెరికాలో ఇల్లు కొనాలనుకోగానే మనం తెలుగు ఏజెంటుని వెతుక్కుంటాం. "మనవాడే కదా, మోసం చెయ్యడు" అని ధీమా. మోసం సంగతి అటుంచి లెక్క చూడండి. కమిషన్ రెండున్నర శాతం అనుకుందాం. అతను బేరమాడి 20,000 డాలర్లు తగ్గిస్తే మనకి అంతా మిగులు. అతనికి 500 తరుగు. బేరం చెడితే మాత్రం కమిషన్ మొత్తం పోతుంది. అందుకే "ఇంకో పదివేలు వెయ్యండి, ఇల్లు చెయ్యిజారిపోతుంది" అంటాడు. ఏజెంట్లు సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు మాత్రం ఎక్కువ రోజులు ఆగి, ఎక్కువ ధర రాబట్టుకుంటారని లెవిట్, సివర్‌సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో చూపించారు. 2024 ఆగస్టు నుంచి చాలాచోట్ల ఇల్లు చూపించకముందే ఫీజు కాగితం మీద రాసుకోవాలి. ఫీజు బయటపడింది గానీ ఆశ ఎక్కడికీ పోలేదు.

మరి మన ఆశ మాటేమిటి? హెచ్-1బి మీద వచ్చిన మనమంతా మంచి స్కూళ్లున్న ఆ నాలుగు ఊళ్లకే ఎగబడతాం. ఊరి జనాభాలో ఒక శాతం మంది వలస వస్తే అద్దెలు, ఇళ్ల ధరలు దాదాపు ఒక శాతం పెరుగుతాయని ఆల్బర్ట్ సాయిజ్ 2007లో లెక్క తేల్చాడు. రావడం తప్పు కాదు. వచ్చినంతమందికి ఇళ్లు కట్టకపోవడమే చిక్కు. కానీ తాళంచెవులు చేతికొచ్చాక, పక్కన అపార్ట్‌మెంట్లు కడతామంటే "ట్రాఫిక్కు, స్కూళ్లు" అంటూ టౌన్ మీటింగులో అడ్డుపడేవాళ్లలో మనమూ ఉంటాం.

కమిషన్ కోసం ఏజెంటు మనల్ని మరిచిపోతే, ఇంటి ధర కోసం మనం మన వెనక వచ్చేవాళ్లని మరిచిపోతున్నాం. అతని ఫీజు కనీసం కాగితం మీద ఉంది.